చివరి గాంధారం

“ఆఖరి స్వరం కాడ ఆల్టోలో ఒక్క గొంతు చాలు,” అన్నాడు సతీష్. “కార్తీక పాడుతుంది. ఆంటీ, మీరు నోరు తెరుచుకొని ఊరికే నిలబడండి. సౌండు వద్దు.”

హైమ తలెత్తి చూసింది. అతను అప్పటికే మగగొంతుల వైపు తిరిగి, పెన్సిలుతో పాట కాగితాల స్టాండు అంచు మీద తడుతున్నాడు. మాటలు వచ్చినప్పట్నుంచి ఆమెను పిన్నమ్మా అంటూ పెరిగిన పిల్లవాడు. ఇప్పుడు ఆంటీ అన్నాడు. మీరు అన్నాడు.

పెరంబూరు రైల్వే క్వార్టర్సు వెనక ఎర్రిటుకల చర్చి. దాని పక్క హాలులో సాయంకాలాలు సతీష్ నడిపే పాటబృందం కలుస్తుంది. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయని ఫ్యాన్లు ఆపేస్తారు. అందరి వీపులూ తడిసి ఉంటాయి. లోకల్ బండి పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలమంటాయి. అప్పుడు ఎక్కడి గొంతు అక్కడ ఆపి, బండి దాటాక మళ్ళీ ఎత్తుకుంటారు.

పాట ఇంగ్లీషుది, వీళ్ళకు పాతదే. మూడు వందల ఏళ్ళ కిందట ఆ దేశంలో ఎవరో పెద్దింటి చావుకు కట్టింది. ఆడవాళ్ళలో పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో. మగవాళ్ళలో టెనర్, బేస్. వాయిద్యం లేదు. సి మైనర్, దుఃఖం పలికే స్వరవరస. ఇది మొదట నేర్పిన రోజే సతీష్ అందరికీ చెప్పాడు: “దీని నడక శవప్పెట్టె మోసేవాళ్ళ నడక. భుజం మీద బరువుండేవాడు పరిగెత్తడు. నిలబడనూ నిలబడడు. దుఃఖం వచ్చిందని మీరు సాగదీయబాకండి. దుఃఖం పాటలోనే ఉండాది. మీరు కొత్తగా పోయాల్సిన పని లేదు.”

పాటంతా చీకట్లోనే నడుస్తుంది. గొంతులు ఒకదాని మీద ఒకటి పడి, రాసుకుని, నొప్పి పుట్టించి విడిపోతాయి. ఆఖరి మాట దగ్గర మాత్రం తెల్లవారుతుంది. మూడు గొంతులు ఉన్నచోటే ఉంటాయి. ఆల్టో ఒక్కటి, దిగాల్సిన మెట్టు దిగకుండా, దానికి అరమెట్టు పైన నిలబడుతుంది. ఆ ఒక్క స్వరంతో చావు పాట మంగళం పాడినట్టు ముగుస్తుంది.

కాగితం మీద ఆ స్వరానికి ఇంకేదో పేరుంది. హైమకు అది పై గాంధారం, చీకటిది దానికి అరమెట్టు కింది గాంధారం. చూలైలో పాట నేర్పే వాత్తియారు ముందు చాప మీద కూర్చుని నేర్చుకున్న నోరు ఆమెది. అక్కడ గాంధారాన్ని గమకంతో ఊపకుండా పాడితే తొడ మీద దెబ్బ పడేది. ఇక్కడ ఊపితే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. ఊపు మానేసి చాలా కాలమైంది. లోపల ఎక్కడో అది మానలేదేమో.

వచ్చే ఆదివారం ఈ పాట ఎస్తేరు జ్ఞాపకార్థ ఆరాధనలో పాడాలి. ఎస్తేరు సతీష్ తల్లి, హైమకు చుట్టరికం లేని అక్క. ఆల్టోలు ముగ్గురే, ఎస్తేరు ఎడమ పక్క, హైమ నడుమ, కార్తీక కుడి పక్క. ఆస్పత్రి మంచం మీద ఎస్తేరు కొడుకు దగ్గర మాట తీసుకుంది, నా ఆరాధనకు ఆ పాటే పాడాలిరా, ఆఖర్న వెలుగు సరిగ్గా పడాల, అని. హైమ అప్పుడు కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఆ వెలుగు తనే వేయాలి అనుకుంది. అక్కకు తను చేయగలిగింది ఇంక అదొక్కటే. ఎడమ పక్క ఆ చోటు ఇప్పుడు ఖాళీ. అక్కడ నిలబడొద్దని ఎవరూ చెప్పలేదు. ఎవరూ నిలబడడం లేదు.

అందరూ పోతుంటే హైమ ఆగింది. సతీష్ స్టాండ్లు మడిచి గోడకు ఆనిస్తున్నాడు.

“ఏం తప్పు నాయనా?”

“తప్పని కాదు ఆంటీ.” ఇంకో స్టాండు మడిచాడు. “అది పైకీ పోవడం లేదు, కింద కూడా లేదు. నడుమ ఊగతా ఉండాది. మిగతా మూడు గొంతులూ గోడ మాదిరి నిలబడినాయి గదా, అందుకని బాగా తెలిసిపోతా ఉండాది.”

“ఎప్పుడూ పాడేదే గదా నేను.”

“అదే నాకూ అర్థం కాలే. అమ్మ ఉన్నప్పుడు సరిగ్గానే ఉండేది. ఈ నాలుగు నెలల్లోనే... వయసు...” ఆ మాట నాలుక దాటాక అతనికే బాగోలేదు. “పాటంతా పాడండి. మీరు లేకుంటే ఆల్టోనే లేదు. ఆ ఒక్క స్వరమే.”

“ఆ ఒక్కటే,” అంది హైమ.

కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. బయట కార్తీక చెప్పుల పట్టీ పెట్టుకుంటూ కావాలనే ఆలస్యం చేస్తోంది. బ్యాంకులో పనిచేసే పిల్ల. సగం మాట తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగిస్తుంది.

“అత్తా, సత్యమా నేను అడగలే. ఆయనే...”

“తెలుసులేమ్మా. బస్సు వస్తా ఉండాది, పో.”

*

చూలైలో హైమ వాళ్ళ ఇల్లూ పనిచోటూ ఒకటే. ముందు గది నిండా పొడుగాటి బల్ల. పెండ్లిళ్ళలో టెంకాయ, తాంబూలం పెట్టి ఇచ్చే పసుపు సంచుల మీద పెండ్లికూతురి పేరు, పెండ్లికొడుకు పేరు అచ్చు వేయడం వాళ్ళ పని. మొగుడు వరదరాజులు సంచిని పరిచి, పల్చటి గుడ్డ బిగించిన చట్రం దాని మీదికి దించి పట్టుకుంటాడు. హైమ రంగు వేసి, రబ్బరు పట్టీని అవతలి అంచునుంచి తన వైపుకు ఒక్క లాగు లాగుతుంది. నడిమధ్యలో చెయ్యి ఆగితే రంగు ముద్ద కడుతుంది. తొందరపడితే అక్షరం కడుపులో పసుపు మిగిలిపోతుంది. లాగడం అయ్యాక అతను చట్రం ఎత్తుతాడు, ఆమె సంచిని రెండు మూలలా పట్టుకుని తీగ మీద ఆరేస్తుంది. గది అంతా తలకు తగిలేటట్టు పసుపు సంచులు వేలాడుతుంటాయి.

ఆ పొద్దు ఆమె ఒకే సంచి మీద రెండుసార్లు లాగింది.

“ఏమే,” అన్నాడు వరదరాజులు, “పెండ్లికొడుకు పేరు రెండు తూర్లు పడిందే. ఆ పిల్లకు ఇద్దరు మొగుళ్ళనుకుంటారు జనం.”

హైమ సంచి తీసి కింద పడేసింది. అతను చట్రం దించకుండా పట్టుకుని ఆమె ముఖం చూశాడు.

“నిన్నట్నుంచి మాటే లేదు నీకు. ఏమైంది ఆడ?”

చెప్పింది. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు ముక్కల్లో అయిపోయింది.

“నోరు తెరుచుకొని ఊరికే నిలబడమన్నాడా?” అన్నాడు వరదరాజులు. “పెండ్లయినప్పట్నుంచి నేను చేస్తా ఉండేది అదే గదా. నన్నడిగుంటే నేర్పించుంటా.”

ఆమె నవ్వలేదు. అతను చట్రాన్ని బల్ల మీద పెట్టి, రంగు అంటిన చేతిని లుంగీకి తుడుచుకున్నాడు.

“మానేయి. ఏం పోయింది? మన గుళ్ళో ఒక్క కీర్తన పాడమ్మా అంటే గొంతు సరిలేదంటావు. ఆడికైతే అన్నం కూడా తినకుండా బస్సెక్కతావు. ఇప్పుడు చూడు, ఆ గొంతే వద్దంట.”

“మానను.”

“ఎందుకే?”

“ఎస్తేరక్క అడిగింది.”

“కొడుకు వద్దంటా ఉన్నాడు గదా.”

“కొడుకు అడగలే. ఆమె అడిగింది.”

వరదరాజులు కొత్త సంచి పరిచి, అరచేత్తో ముడతలు తీశాడు. ఎస్తేరును పాతిపెట్టిన రోజున హైమ తిరిగొచ్చి, పెరట్లో కుళాయి కింద చీరతోనే తల తడుపుకుంటుంటే, తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడిన మనిషి అతనే. నీళ్ళు చాలే, జలుబు చేస్తాది, అని ఎంత చెప్పినా ఆమె కుళాయి కట్టేయలేదు.

మధ్యాహ్నం కార్తీక వచ్చింది. వచ్చే నెల ఆమె పెండ్లి. ఆమె సంచులూ వీళ్ళే వేస్తున్నారు. మాదిరి చూసుకోవడానికి బ్యాంకులో పర్మిషన్ అడిగి వచ్చింది. తీగల కింద వంగి వంగి నడుస్తూ తన పేరున్న సంచి వెతుక్కుంది. దొరికాక దాన్ని పట్టుకుని చాలాసేపు చూసింది.

“అత్తా, సూపరా ఉంది. మెరూన్ కొంచెం డార్క్ చేస్తే...”

“ఆరితే డార్కే అవతాది.” హైమ కుర్చీ జరిపింది. “కార్తీకా, ఆ ఆఖరి స్వరం ఒకసారి పాడు.”

“ఈడనా?”

“ఈడనే.”

పిల్ల వరదరాజులు వైపు చూసింది. ఆయన టీ చెప్పి వస్తానని చెప్పులు వేసుకున్నాడు. కార్తీక సంచుల నడుమ నిలబడి, చున్నీ సరిచేసుకుని, పాడింది. గొంతు సన్నం. బలం లేదు. కానీ స్వరం ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడింది. అటూ ఇటూ పోలేదు.

“ఎట్ల పట్టుకుంటావు దాన్ని?”

“ఎస్తేర్ ఆంటీ నేర్పించినారు గదా. హాస్పిటల్లో.”

“ఆస్పత్రిలోనా? ఎప్పుడు?”

“నేను సాయంత్రాలు పోతా ఉంటి. మాస్క్ పక్కకు తీసి, నా చెవి ఆమె నోటి దగ్గర పెట్టమని, పాడి చూపిస్తా ఉన్నారు. ఊపిరి అందేది కాదు, అయినా విడవలే. ‘నేను చనిపోయినాక హైమ చెవిలో ఇది నువ్వే పోయాల, ఆమెకు చెప్పబాకు, చెప్తే పాడడం మానేస్తాది’ అని...”

కార్తీక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మెరూన్ రంగు ఆమె పై పెదవికి అంటింది.

“అయ్యయ్యో. అత్తా...”

“ఏమని చెప్పింది? మళ్ళా చెప్పు.”

“వద్దు అత్తా.”

“చెప్పు.”

పిల్ల సంచి అంచు మడుస్తూ, విప్పుతూ చెప్పింది. “మీది ఆ స్వరం ఎప్పుడూ రవంత కిందే పడతాదంట. ఆమె సరిగ్గా మీ చెవి పక్కకు వంగి గట్టిగా పాడితే, మీరు దాన్ని పట్టుకోని పైకి ఎక్కతారంట. పాట మొత్తం మీద ఆ ఒక్క చోటే ఆమె గొంతు పెంచుతా ఉండేది. సతీషన్నకు కూడా తెలీదు. నేనూ మీ పక్కకు తిరిగి పాడినా అత్తా. నా గొంతు చాలలే.”

హైమ బల్ల మీది రబ్బరు పట్టీ తీసుకుని, దానికి అంటిన రంగును గుడ్డతో తుడిచింది. ఎస్తేరుది చిన్న గొంతు అని అందరూ అనేవారు. హైమ లేకుంటే ఎస్తేరు తప్పిపోతుందని బేస్ పాడే కోటి ఎన్నిసార్లు నవ్వించాడో. ఎస్తేరు కూడా నవ్వేది. ఆఖరి స్వరం వస్తుందనగా ఆమె భుజం వచ్చి హైమ భుజానికి ఆనేది. తనను ఆసరా చేసుకుంటోంది అనుకునేది హైమ. ఆనుకోనీ అని గట్టిగా నిలబడేది. అందులో కొంచెం గర్వం కూడా ఉండేది.

“టీ వస్తాది, తాగి పో,” అంది హైమ. “పెదవి తుడుచుకో. కిరసనాయిలు పెట్టాల దానికి.”

పిల్ల పోయాక లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. ఫోనులో శ్రుతి పెట్టింది. తంబురా మోత గది నిండింది. కళ్ళు మూసుకుని షడ్జం పట్టుకుంది. అది నిలబడింది. పంచమం నిలబడింది. పై గాంధారానికి పోయింది. అందుకుంది. అందుకుని ఊపిరి సగం ఖర్చు కాకముందే అది కాలి కింద తడిమట్టిలా జారింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ జారింది. జారుతున్నట్టు తనకు తెలుస్తోంది. ఇదివరకు తెలిసేది కాదు.

అరమెట్టు దిగి కింది గాంధారం పట్టుకుంది. అది జారలేదు. ఊగలేదు. ఊపిరి అయిపోయేదాకా అక్కడే ఉంది.

వరదరాజులు తలుపు సందులోనుంచి టీ గ్లాసు లోపలికి పెట్టి, తలుపు మళ్ళీ దగ్గరికి వేశాడు.

*

శుక్రవారం సాధనకు నిమ్మకాయ అన్నం చేసి డబ్బాలో పట్టుకుపోయింది. సతీష్ కోచ్ ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి నేరుగా వచ్చాడు. చొక్కా కాలరు లోపలి వైపు మురికి గీత. తల్లి ఉన్నప్పుడు ఆ కాలరు అట్లా ఉండేది కాదు.

“తిను సతీషు. అందరూ వచ్చేదానికి టైముంది.”

“తర్వాత తింటా ఆంటీ.”

డబ్బా కిటికీలో పెట్టింది.

సాధనలో అతను ఒక్క క్షణం కూడా చెయ్యి తడబడనీయలేదు. కుడిచెయ్యి కిందికి, పక్కకు, పైకి, మళ్ళీ కిందికి. లోకల్ బండి పోయినప్పుడు ఆగాడు. బండి దాటగానే ఆగిన చోటునుంచే ఎత్తుకున్నాడు. రెండో పేజీ దగ్గర సొప్రానోలో నివేదిత అనే అమ్మాయి ఏడ్చింది. ఆమెకు పుట్టినప్పుడు నీళ్ళు పోసింది ఎస్తేరట. సతీష్ చెయ్యి దించాడు.

“ఏడవబాకు నివేదితా. టెంపో పోతుంది.”

“సారీ అన్నా.”

“నీళ్ళు తాగిరా. అందరూ నీళ్ళు తాగండి.”

“వీడు మనిషా, రాయా?” అన్నాడు కోటి, హైమ పక్కకు వంగి, గొంతు తగ్గించి. కోటి వర్క్‌షాపులో ఫిట్టరు. పెద్ద పొట్ట, దాని లోపల్నుంచి వచ్చే పెద్ద గొంతు. “కన్నతల్లి పోతే ఒక్క చుక్క రాల్చలే. స్మశానంలో కూడా ఎవరు ఏ వరసలో నిలబడాలని చెప్తా ఉన్నాడు.”

“ఊరుకో కోటీ.”

“అది కాదక్కా. నీకేమో నోరు తెరుచుకొని నిలబడే పని ఇచ్చినాడంట గదా. నాకూ చెప్పి ఇప్పించు. మోకాళ్ళు నొప్పి.”

హైమ హాలు వెనక కుళాయి వైపు చూసింది. సతీష్ అక్కడ ముఖం కడుక్కుంటున్నాడు. కడుక్కోవడం అయిపోయింది. అయినా రెండు చేతులతో నీళ్ళు పట్టి ముఖాన కొట్టుకుంటూనే ఉన్నాడు. నీళ్ళు చొక్కా ముందు భాగమంతా తడిపేశాయి.

మళ్ళీ మొదటినుంచి పాడారు. ఆఖరి మాట వచ్చింది. హైమ నోరు తెరిచి నిలబడింది.

పాడకుండా ఆ చోట నిలబడడం ఆమెకు అదే మొదలు. పాడేటప్పుడు తన గొంతే తన చెవుల్లో నిండి ఉంటుంది. ఇప్పుడు మిగతా మూడు గొంతులూ వచ్చి ఆమె చుట్టూ నిలబడ్డాయి. వాటి నడుమ కార్తీక స్వరం, సన్నగా, సూదిలా. వెలుగు పడింది. సరిగ్గానే పడింది. హైమ ఎడమ పక్క ఖాళీ చోటు మీద కూడా పడింది. అక్కడ గచ్చు మాత్రమే కనబడింది.

తెరిచిన నోరు ఎండిపోయింది. సతీష్ పిడికిలి మూసి పాట ఆపాడు.

“అదీ,” అన్నాడు. “ఆదివారం ఇట్లనే.”

పోయేముందు కిటికీలో డబ్బా తీసుకుంది. మూత తెరవనే లేదు. బరువు అట్లాగే ఉంది.

*

ఆదివారం వరదరాజులు కూడా వచ్చాడు. ఇస్త్రీ పంచె కట్టుకున్నాడు. చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. మెట్ల మీద అవి ఒక్క జతే. ఆఖరి బల్లకు ఒక చివర, అవసరమైతే వెంటనే లేచి పోయేటట్టు కూర్చున్నాడు.

ముందు బల్ల మీద ఎస్తేరు ఫోటో. పక్కన తెల్ల లిల్లీలు. ఫోటోలో ఎస్తేరు కొంచెం కోపంగా ఉంది. ఫోటో తీసేవాడు త్వరగా తీయలేదని ఆమెకు విసుగు వచ్చినప్పటిది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఎవరో వాక్యం చదివారు. పాటబృందం లేచి నిలబడింది. తెల్ల చీరల నడుమ ఒక మనిషి పట్టేంత సందు.

సతీష్ ముందుకు వచ్చాడు. కాలరు తెల్లగా ఉంది. చెయ్యి ఎత్తాడు.

బేస్ మొదట అడుగు వేసింది. కోటి గొంతులో ఆ పొద్దు ఎకసెక్కం లేదు. టెనర్ దాని భుజం మీద చెయ్యి వేసినట్టు వచ్చింది. తర్వాత ఆల్టో. హైమ తన చోటునుంచి బరువు ఎత్తుకుంది. అడుగు, అడుగు, అడుగు. సొప్రానో పైనుంచి దిగి ఆల్టోను తాకింది, నొప్పి పెట్టింది, తప్పుకుంది. ఏ గొంతూ తొందరపడలేదు. ఏ గొంతూ సాగలేదు. అతని చెయ్యి కిందికి, పక్కకు, పైకి పోతోంది. జనంలో ఎవరో ముక్కు చీదారు. పాట ఆ శబ్దాన్ని కూడా మోసుకుంటూ పోయింది.

ఆఖరి పేజీ తిప్పారు.

హైమకు ముందు అర్థం కాలేదు. ఊపిరి చాలడం లేదు. తన ఊపిరేమోననుకుంది. పక్కన కార్తీక భుజాలు పైకి లేస్తున్నాయి. నివేదిత మాట మధ్యలో గాలి పీల్చింది, ఎప్పుడూ పీల్చని చోట. హైమ తలెత్తింది. సతీష్ చెయ్యి మెల్లబడుతోంది. కిందికి పోయిన చెయ్యి పక్కకు పోవడానికి ఇష్టపడడం లేదు. పక్కకు పోయింది పైకి రావడం లేదు. ఒక్కో అడుగూ పోయిన అడుగు కంటే ఆలస్యంగా పడుతోంది. అతని కళ్ళు కాగితం మీద లేవు, పాడేవాళ్ళ మీదా లేవు. ఆ తెల్ల చీరల నడుమ సందులో ఉన్నాయి. ఆ పాట అయిపోవడం అతనికి ఇష్టం లేదు. ఇంక ఒక్క మాటే మిగిలింది. ఆ మాట దగ్గరికి అతను పోవడం లేదు.

గొంతులన్నీ అతని చేతికింద నిలబడి, బరువు మోస్తూ ఎదురు చూశాయి. కోటి మెడ నరం ఉబ్బింది.

చివరికి చెయ్యి పడింది. ఆఖరి మాట. బేస్ షడ్జం మీద కూర్చుంది. టెనర్ పంచమం పట్టుకుంది. సొప్రానో పైన షడ్జం. సతీష్ ఎడమచెయ్యి చాపి, వేళ్ళు పైకి తెరిచి, కార్తీకకు సైగ చేశాడు.

కార్తీక నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది. ఉన్న ఊపిరంతా ఆ సాగిన అడుగుల్లో అయిపోయింది. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడింది.

మూడు గొంతులు నడుమ ఏమీ లేకుండా నిలబడ్డాయి. అందులో దుఃఖం లేదు, వెలుగు లేదు. నాలుగు గోడలు కట్టి లోపల దీపం పెట్టని ఇల్లులా ఉంది ఆ మోత. సతీష్ ముఖం తెల్లబోయింది. అతని చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. మూయలేకపోయాడు. ఆ తెరిచిన వేళ్ళు కార్తీక మీదినుంచి జరిగి హైమ దగ్గర ఆగాయి.

హైమకు ఊపిరి ఉంది. ఈ స్వరం తనది కాదని ముందే ఆగిపోయి ఉంది కాబట్టి, పీల్చిన ఊపిరి అట్లాగే ఉంది. అతని వేళ్ళు పైకి చూపుతున్నాయి, పైకి, ఆ వెలుగుకు. ఎడమ చెవి పక్కన ఏ గొంతూ లేదు. ఫోటోలో ఎస్తేరు విసుగ్గా చూస్తోంది.

హైమ పాడింది. పైది కాదు. కింది గాంధారం. నేరుగా, ఊపు లేకుండా, చెయ్యి ఆగకుండా లాగిన గీతలా.

కోటి కళ్ళు ఆమె వైపు తిరిగాయి. టెనర్లలో ఒకడు సగం వణికి మళ్ళీ నిలబడ్డాడు. పాట మొదలైన చీకట్లోనే ఆగింది. సతీష్ ఆపేస్తాడనుకుంది హైమ. అతను ఆపలేదు. వేళ్ళు మెల్లగా కిందికి వంచాడు, ఆమె స్వరం ఎక్కడుందో అక్కడికి. అక్కడ పట్టుకున్నాడు. రాసి ఉన్నదానికంటే చాలాసేపు పట్టుకున్నాడు. అప్పుడు మూశాడు.

“ఆమేన్,” అన్నారు పాస్టరుగారు.

ఆరాధన అయ్యాక జనం టీ గ్లాసులు పట్టుకుని చెట్టు నీడన గుంపులు కట్టారు. పాట బాగుందన్నారు. గుండె పిండేసిందన్నారు. కార్తీక నివేదిత భుజం మీద తల పెట్టి వెక్కుతోంది. కోటి ఆమెకు బిస్కట్ ఇస్తూ, “నీ పెండ్లికి ఈ పాట పెట్టించబాకమ్మా,” అన్నాడు. వరదరాజులు మెట్ల మీద చెప్పులు వేసుకుని, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక ఆకాశం చూస్తున్నాడు.

సతీష్ హాలు పక్క గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో పాట కాగితాల కట్ట. అది సరిగ్గా సర్దే ఉంది. అయినా అంచులు గోడకు కొట్టి కొట్టి సర్దుతున్నాడు. హైమ పోయి ఎదురుగా నిలబడింది.

“అది కాదు గదా పిన్నమ్మా రాసి ఉండేది,” అన్నాడు.

“కాదు. తెలిసే పాడినా.”

“అమ్మ వెలుగు పడాలనింది.”

“అనింది. నేనూ విన్నా.”

“ఒప్పుకోదు ఆమె.”

“ఒప్పుకోదు,” అంది హైమ. “రమ్మను. వచ్చి నా పక్కన నిలబడి సరిచేసి పొమ్మను.”

సతీష్ నవ్వబోయాడు. నోరు ఒక పక్కకు పోయి మళ్ళీ రాలేదు. కాగితాల కట్ట జారి కింద పడింది. తీసుకోవడానికి వంగినవాడు వంగే ఉండిపోయాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది. శబ్దం వస్తోంది.

చెట్టు కింద ఒకరిద్దరు ఇటు తిరిగారు. హైమ ఇంకో రెండడుగులు వేసి, అతనికి వాళ్ళకు నడుమ నిలబడింది. పైట భుజం మీద వెడల్పుగా లాగి పరుచుకుంది. అక్కడినుంచి చూసేవాళ్ళకు తెల్ల చీర ఒక్కటే కనబడేటట్టు.